కాఫీ మొక్కలకు కట్టిన చీరలు

పెళ్ళయిన పదో రోజున నేను మల్లెలతీర్థం జలపాతం కింద నిలబడి కడుపు పగిలేటట్టు నీళ్ళు తాగాను. పక్కన నిలబడ్డ కొత్త పెళ్ళికొడుకు భయపడిపోయి, "చాలు చాలు, కడుపు నొప్పి లేస్తది" అని చెయ్యి పట్టి లాగాడు. నేను వింటేగా! మాది మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు నావి, ఇప్పటికీ నవ్వితే గోధుమరంగు చారలు కనపడతాయి. నీళ్ళు చూస్తే దూప తీరడం కన్నా ముందు అనుమానం పుట్టే ఊరు మాది. అట్లాంటి దాన్ని తీసుకొచ్చి, వందల మెట్లు దింపి, కొండ చీల్చుకుని పడే నీళ్ళ ముందు నిలబెడితే ఊరుకుంటానా? తాగాను, తడిశాను, మళ్ళీ తాగాను. ఆ రోజే నల్లమల మీద నాకు పిచ్చి పట్టింది.

మా అత్తగారి ఊరు ఆ కొండ మీదే, శ్రీశైలం రోడ్డుకు లోపల. వానకాలం వచ్చిందంటే అడవి మొత్తం పచ్చగా ఉబ్బుతుంది. పొద్దున్నే మంచు దిగి మా పశువుల కొట్టం కూడా కనపడదు. మేఘాలు మా గడప ముందర నుంచే పోతాయి. మర్రిగూడకు ఫోన్ చేసి, "అమ్మా, ఇయ్యాల మబ్బు మా వాకిట్లకొచ్చింది" అంటే, "నీకు పెండ్లయినంక అబద్ధాలు ఎక్కువైనయే" అనేది మా అమ్మ. ఎలుగుబంట్లు, నెమళ్ళు, వాగుల చప్పుడు, ఇప్పపూల వాసన. ఏది చూసినా నాకు సంబరమే. పన్నెండేళ్ళు గడిచినా సంబరం తగ్గలేదు.

ఒక్క దాంట్లో మాత్రం నాకు కోపం ఉండేది, అది కూడా చెప్పాలి. మాకు మూడెకరాల భూమి. ఏటా జూన్ మొదట్లో మిరుగు కార్తె వస్తుంది, తొలివానకు విత్తనం పెట్టే రోజులవి. ఆ ముందు రోజు మా అత్తమ్మ, మా ఆయన అరుగు మీద కూర్చుని ఏ చెలకలో ఏం పెట్టాలో మాట్లాడుకునేవాళ్ళు. ఇక్కడ పత్తి, అక్కడ కంది, ఆ మూలకు ఆముదం. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోవాలి. విత్తేది నేను, కలుపు తీసేది నేను, పత్తి ఏరేది నేను. ఏం పెడదామని పన్నెండు మిరుగుల్లో ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. ఒకసారి నోరు తెరిచి, "వాగు పక్కన ఇంకేమన్న పెడితే..." అన్నాను. అత్తమ్మ నా వైపు చూడనైనా లేదు. "నీళ్ళు లేని ఊరి నుంచి వచ్చి మాకు ఎవుసం నేర్పుతవా" అంది. తాతకు దగ్గులు నేర్పినట్టుందట. ఆ మాట నాకు గుచ్చుకుంది. నా చేత్తో, నా ఇష్టంతో ఒక్క చెలకన్నా పచ్చగా చేసి చూపించాలని అప్పుడే పట్టుబట్టాను.

తెలంగాణ వచ్చినంక ఈ రోడ్డుకు రద్దీ పెరిగింది. ఆదివారం వస్తే చాలు, హైదరాబాద్ నుంచి కార్లు బారులు కట్టేవి. జలపాతం అనేవాళ్ళు కొందరు, ఫరహాబాద్ గుట్ట మీద నుంచి అడవి చూస్తామనేవాళ్ళు కొందరు, ఉమామహేశ్వరం పోయేవాళ్ళు కొందరు. నేను, మా ఆయన జలపాతం మలుపు దగ్గర చాయ్ డబ్బా పెట్టాం. వానకాలంలో ఊపిరి సలిపేది కాదు. తడిసి వణుకుతూ మెట్లెక్కి వచ్చిన వాళ్ళకు అల్లం చాయ్ ఇస్తే దేవతను చూసినట్టు చూసేవాళ్ళు. ఒకరోజు ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని కొండ వైపు చూస్తూ, "ఇంత మంచు, ఇంత నీడ, ఇంత ఎర్రమట్టి పెట్టుకుని మీరు కాఫీ పండియ్యరేందమ్మా?" అన్నాడు. కాఫీ పండుతుందని నాకు అప్పుడే తెలిసింది! అంతవరకు కాఫీ అంటే డబ్బాలో పొడే. అది చెట్టుకు కాస్తుందా, గడ్డ తవ్వుతారా, నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ మాట బుర్రలో పురుగులా తొలుస్తుండగానే, మా మహిళా సంఘం వాళ్ళను అరకు చూపించడానికి తీసుకుపోతున్నారని కబురు వచ్చింది. పేరు రాయించిన వాళ్ళలో నేనే మొదటి దాన్ని. రైల్లో గుహలు వస్తుంటే మా ఆడవాళ్ళందరం కేకలే కేకలు. పెట్టె మొత్తం మా వైపే చూసింది. అరకులో ఒక అక్క తన తోట చూపించింది. నల్లటి మనిషి, చెవులకు మూడేసి పోగులు, నడుస్తుంటే అందుకోలేం. పెద్ద పెద్ద చెట్ల కింద కాఫీ మొక్కలు నిగనిగలాడుతున్నాయి. కొమ్మ కొమ్మకూ ఎర్రటి పండ్లు. ఒకటి నోట్లో వేసుకున్నాను, తియ్యగా జిగురుగా ఉంది. గింజ ఉమ్మకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాను. ఆ అక్క నన్ను చూసి నవ్వి, "నీకు పిచ్చి పట్టిందే" అంది. పట్టింది మరి. తిరుగు ప్రయాణం రోజు ఆమే నారుమడి నుంచి నలభై మొక్కలు తీసి ఇచ్చింది. ఫోన్ నంబరు నా చేతి మీదే రాసింది.

నలభై మొక్కలు, నల్లటి చిన్న సంచుల్లో. రైల్లో ఎక్కడ పెట్టాలి? మా సంఘం ఆడవాళ్ళు తలా మూడు, తలా నాలుగు ఒళ్ళో పెట్టుకున్నారు. టికెట్లు చూడవచ్చిన ఆయన బిత్తరపోయి, "ఏందమ్మా ఇది, అందరు ఒకటే పిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నరు?" అన్నాడు. అచ్చంపేట బస్సులో కండక్టరు లగేజీ కింద పెట్టమని కొట్లాడాడు. నేను పెట్టనంటే పెట్టనన్నాను. మొక్కలకు సీట్లు ఇచ్చి మేం నిలబడి వచ్చాం. మా ఊళ్ళో దిగేసరికి నా చీర నిండా మట్టి, మొహం నిండా నవ్వు.

వాకిట్లో నలభై మొక్కలు వరసగా పెట్టి, అత్తమ్మ ముందు నిలబడ్డాను. "వాగు ఒడ్డు అరెకరం చెలక నాకియ్యి అత్తా. కాఫీ పెడత." అది ఆమె కంది చెలక. పెనిమిటి పోయినంక ఆమె సొంత కష్టం మీద నిలబెట్టుకున్న భూమి. ఇంట్లో ఏ చెలక పంట మారినా ఆ చెలకలో కంది మారేది కాదు. ఆమె మొక్కల వైపు చూసింది, నా వైపు చూసింది. "పండినంక ఏం జేస్తవ్?" అంది. నేను ఆగలేక మొత్తం చెప్పేశాను. డబ్బాలో చాయ్ బదులు మా కాఫీయే అమ్ముతానని, జలపాతం బొమ్మ వేయించిన బోర్డు పెడతానని, వచ్చినోళ్ళకు తోట తిప్పి చూపిస్తానని. అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!"

నాకు రోషం పొడుచుకొచ్చింది. "నవ్విన నాపచేనే పండుతది అత్తా" అన్నాను. ఆమె నవ్వు ఆపింది. "సరే. మూడు మిరుగులు సూస్త. మూడో మిరుగు నాటికి పూత గనపడాలె. లేకపోతే ట్రాక్టర్ పెట్టి దున్నిపిస్త. మల్ల నోరు తెరువొద్దు" అంది. మల్ల నోరు తెరవొద్దన్న మాటకే నాకు భయం వేసింది. చెలక పోవడం ఒకటి, ఇక ఈ ఇంట్లో ఎవుసం గురించి నా మాట ఎప్పటికీ చెల్లకపోవడం ఒకటి. అయినా సరే అన్నాను.

ఆ చెలకలో వాగు వెంబడి వరసగా చెట్లు ఉన్నాయి. రెండు నేరేళ్ళు, ఒక ఇప్ప, మూడు మామిళ్ళు, చివరన ఒక పెద్ద మద్ది. నేను ఆ నీడ చూసే ఆ చెలక అడిగాను. వానలు పడుతుండగా గుంతలు తవ్వి, పెంట వేసి, నలభై మొక్కలు నాటాం. రోజూ పొద్దున లేవగానే పోయి చూసేదాన్ని. కొత్త ఆకు వేస్తే ఇంటికి పరుగెత్తుకొచ్చి మా ఆయనకు చెప్పేదాన్ని. "ఆకే గద" అనేవాడు ఆయన. పిల్లలిద్దరూ అచ్చంపేట హాస్టల్లో ఉండేవాళ్ళు. సెలవులకు వచ్చి, "అమ్మా, మాకన్న ఈ మొక్కలంటేనే నీకు పాణం" అని అలిగారు. కొంత నిజమే.

అసలు ఘోరం మొదటి ఎండకాలంలో జరిగింది. మా తమ్ముని కొడుకు పుట్టువెంట్రుకలకు మర్రిగూడ పోయి పదిరోజులు ఉన్నాను. నేను వచ్చేసరికి మా ఆయన బస్టాపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మొహంలో ఏదో దాచిపెట్టిన సంతోషం. "రా, చెలక కాడికి పోదాం, నీకొకటి సూపెట్టాలె" అన్నాడు. సంచి కూడా దించకుండా పోయాను.

చెట్లన్నీ కొమ్మలు నరికేసి ఉన్నాయి. నేరేడు, ఇప్ప, మామిడి, అన్నీ మోడులే. కొమ్మలు గట్టు మీద కుప్పలు పోసి ఉన్నాయి. చెలక మొత్తం ఎండ పరుచుకుని తెల్లగా మెరుస్తోంది. ఆ ఎండలో నా మొక్కలు, ఆకులు కాలి ముడుచుకుపోయి, గోధుమరంగుకు తిరిగి నిలబడ్డాయి.

"మొక్కలు ఎదుగుతలెవ్వని బాధపడ్తున్నవ్ గద. నీడలుంటే ఎట్ల ఎదుగుతయ్? జర గాలి వెల్తురు తగులుతదని నాలుగు రోజులు కష్టపడి కొట్టిన. గీ రెండు రోజుల సంది ఆకు జర వాడింది గని, ఫికర్ జెయ్యకు, తేరుకుంటది" అన్నాడు.

ఆయన తప్పు కాదని ఇప్పుడు అనగలను. మెట్ట ఎవుసంలో పుట్టి పెరిగినవాడికి చెట్టు నీడ అంటే శత్రువే. పత్తి మీద నీడ పడితే కాయ కాయదు, జొన్న మీద పడితే కంకి నిండదు, గట్టు మీద చెట్టుంటే ఆ పక్క రెండు సాళ్ళు దండగ. ఎండకాలం వస్తే మా వాళ్ళు గొడ్డలి తీసుకుని గట్ల వెంట తిరగడం అందుకే. అరకులో నేను చూసింది ఆయన చూడలేదు. నేనన్నా నీడ ఎందుకో నోరు విప్పి చెప్పలేదు. చెలక అడిగినప్పుడు చెట్ల సంగతి మనసులోనే పెట్టుకున్నాను. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ రోజు మాత్రం గట్టు మీద ఒక కొమ్మ తీసుకుని ఆయన వెంట పడ్డాను. అరెకరం చుట్టూ పరుగెత్తించాను. తర్వాత కూర్చుని ఏడ్చాను. వారం రోజులు ఆయనే వండుకు తిన్నాడు.

ఒక్క మద్దిచెట్టు మాత్రం నరకలేదు. ఎందుకంటే దాని కొమ్మకు గంపంత తేనెతుట్టె ఉంది, గొడ్డలి పట్టుకుని ఎవరు పోతారు? దాని కింద పదకొండు మొక్కలు పచ్చగా ఉన్నాయి. మిగతావి మాడిపోయాయి.

అరకు అక్కకు ఫోన్ చేస్తే, "వేర్లు బతికుంటాయి, నీడ ఇయ్యి, నీళ్ళు పొయ్యి, వానలు పడితే మళ్ళీ చిగురు వేస్తాయి" అంది. నీడ ఎక్కడ నుంచి తేను? మా ఆయన ఇంట్లోకి పోయాడు. పాత చీరలన్నీ మూట కట్టుకుని వచ్చాడు. నాలుగు కర్రలు పాతి, ఒక్కో మొక్క మీద ఒక్కో చీర ముక్క పందిరి కట్టడం మొదలుపెట్టాడు. నా చీరలు అయిపోయాయి, అత్తమ్మవి అయిపోయాయి, చుట్టుపక్కల ఆడవాళ్ళను అడిగి తెచ్చాడు. చివరికి చూస్తే మా పెళ్ళినాటి పట్టుచీర కూడా ఒక మొక్క మీద ఎగురుతోంది. దాని కింద నిలబడి ఆయన, "గిది మంచిగ మందంగున్నది, ఎండ ఆపుతది" అన్నాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఊరు ఊరంతా మా చెలక చూడటానికి వచ్చింది. ఎరుపు, పసుపు, పచ్చ, పూల చీరలు గాలికి ఊగుతుంటే రోడ్డు మీది నుంచే కనపడేది. "ఏందిరా, మొక్కలకు శ్రీమంతం జేస్తున్నవా?" అని మా ఆయనను ఆటపట్టించారు. జలపాతానికి పోయే కార్లు ఆగి ఫోటోలు తీసుకున్నాయి. ఒక పెద్దమ్మ అయితే ఎవరో కొత్త దేవత వెలిసిందనుకుని కొబ్బరికాయ కొట్టి, పట్టుచీర పందిరికి బొట్టు పెట్టి పోయింది. నేను వద్దనలేదు. ఎవరి దండం పని చేస్తుందో ఎవరికి తెలుసు?

రోజూ పొద్దునా మాపూ వాగు గుంట నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. మే నెల చివర్లో ఒక మాడిన మొక్క మొదట్లో గోరంత పచ్చ చిగురు కనపడింది. నేను అరిచిన అరుపుకు మా ఆయన పాము కరిచిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మిరుగు వచ్చేసరికి ఇరవై రెండు మొక్కలు చిగురు వేశాయి. మద్ది కిందివి పదకొండు. నలభైలో ముప్పై మూడు బతికాయి!

ఆ సంబరంలో ఉండగానే అత్తమ్మ దాని మీద నీళ్ళు చల్లింది. తొలివాన పడిన మర్నాడు నేను చాయ్ డబ్బా దగ్గర ఉన్నాను. సాయంత్రం చెలకకు పోయి చూస్తే, చీర పందిళ్ళు తీసి మడతపెట్టి గట్టు మీద ఉన్నాయి. నా కాఫీ సాళ్ళ మధ్య కొత్తగా విత్తిన గీతలు. అత్తమ్మ నడుముకు ఒడి కట్టుకుని చివరి సాలులో కంది గింజలు వేస్తోంది.

"ఏం జేస్తున్నవ్ అత్తా?"

"కండ్లు గనపడ్తలెవ్వా? కంది పెడ్తున్న."

"మూడు మిరుగులన్నవ్ గద! ఇంక ఒక్కటే అయింది!"

"దున్నిపిచ్చిన్నా? నీ మొక్క ఒక్కదాన్ని ముట్టిన్నా? ఖాళీ జాగల పెట్టిన" అంది. ఒడి దులుపుకుని వెళ్ళిపోయింది.

నాకు వొళ్ళు మండిపోయింది. మెల్లమెల్లగా చెలక గుంజుకోవడానికే ఈ ఎత్తని నమ్మాను. కంది మొలవగానే పీకేద్దామని రెండుసార్లు పోయాను కూడా. వంగి మొలక పట్టుకున్నాను, కానీ మొలిచిన మొలకను పీకడానికి ఎందుకో చెయ్యి ఆడలేదు. ఆ వానకాలం మొత్తం ఆమెతో మాట్లాడలేదు. అన్నం పళ్ళెం ఆమె ముందు పెట్టి, గోడకు చెప్పినట్టు "తినమను" అనేదాన్ని. ఆమె కూడా తక్కువది కాదు. "కూరల ఉప్పు ఎక్కువైందని చెప్పు" అని పిల్లితో అనేది. మధ్యలో మా ఆయన నలిగిపోయాడు.

కంది మాత్రం ఏపుగా పెరిగింది. దసరా నాటికి మనిషెత్తు లేచింది. నా మొక్కలు దాని మధ్య కనపడేవి కాదు. ఆకులు తప్పించి వంగి చూస్తే లోపల చల్లగా, పచ్చగా, ఒక్కో మొక్క మోకాలు దాటి ఉండేది. పందిళ్ళు పోయాక కూడా ఆకు ఎందుకు మాడలేదా అని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. కోపంలో ఉన్నవాళ్ళకు కళ్ళుండవు.

జనవరిలో కంది ఎండింది. అంతటా కోతలు మొదలయ్యాయి. కంది కొయ్యడం ఎట్లాగో మా దగ్గర అందరికీ తెలుసు. కొడవలితో మొదలుకంటా నరకడం, మోపులు కట్టి కళ్ళానికి మొయ్యడం, కర్రతో కొట్టడం. కాయలు పోగా మిగిలిన కందికట్టె పొయ్యిలోకో, దడికో. చెలక బోడిగా మిగులుతుంది, మేకలు వచ్చి రాలిన ఆకు మేస్తాయి. మా చెలక కూడా అట్లా బోడి అవుతుందని, ఎండకాలానికి నా మొక్కలు మళ్ళీ మాడిపోతాయని నేను నిద్రపోలేదు. మళ్ళీ చీరలు ఎక్కడి నుంచి తేవాలని లెక్కలు వేసుకున్నాను.

కోత రోజు గుండె గట్టి చేసుకుని, కొట్లాడటానికే పోయాను. అత్తమ్మ చేతిలో కొడవలి లేదు. నడుముకు సంచి కట్టుకుని, కంది కొమ్మ వంచి, కాయలు ఒక్కొక్కటి చేత్తో తెంపుతోంది. పత్తి ఏరినట్టు. అట్లా కంది తెంపిన మనిషిని నా జన్మలో చూడలేదు. అప్పటికే మూడు సాళ్ళు అయ్యాయి. చెట్లన్నీ నిలబడే ఉన్నాయి, కింది ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆమె నడుము పట్టుకుని లేచి నిలబడింది, వేళ్ళ కొసలు చీరుకుపోయి ఉన్నాయి.

ఏడు నెలల తర్వాత ఆమెతో మాట్లాడాను. "కొయ్యక ఏం జేస్తున్నవ్ అత్తా?"

"కోస్తే నీ మొక్కలకు ఎండ తగలదా?" అంది. "మల్ల వాడు నా చీరలన్ని గుంజకపోతడు. కట్టుకునేటందుకు ఇంక రెండే మిగిలినయ్."

ఆమె తెంపుతూనే చెప్పింది. చీరలు కట్టిన ఎండకాలంలో, నేను డబ్బా దగ్గర ఉన్నప్పుడు, సెలవులకు వచ్చిన పిల్లలతో ఫోన్ కలిపించుకుని అరకు అక్కతో తానే మాట్లాడిందట. "ఆమె మాట సగం తెల్వలె. గని చెట్లు పెరిగేదాక నీడకు మధ్యల కంది పెట్టుకుంటరట ఆడ. అది మాత్రం తెల్సింది. కంది సంగతి నాకు ఒకరు చెప్పాల్నా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా? వచ్చుడు వచ్చుడే మీద వడ్డవ్." కొంచెం ఆగి, "మూడో మిరుగుకు పూత రాకపోతే దున్నిపిస్త, ఆ మాట మాటే. గని అప్పటిదాక ఎండకు మాడనిస్తనన్ననా?" అంది.

సిగ్గుతో తల తీసేసినట్టయింది. సంచి తెచ్చుకుని పక్క సాలు పట్టాను. అరెకరం కంది చేత్తో తెంపడానికి ఇద్దరికీ ఎనిమిది రోజులు పట్టింది. ఊళ్ళో వాళ్ళు అటు పోతూ ఇటు పోతూ నవ్వారు. ఆ ఏడు పొయ్యిలోకి కందికట్టె లేక అడవి పుల్లలే ఏరుకున్నాం. కంది చెట్లు మళ్ళీ చిగురు పెట్టాయి. ఆ చిగురు కోసం మేకలు వస్తే అత్తమ్మ ఎండకాలం మొత్తం కర్ర పట్టుకుని ఇప్ప మోడు కింద కూర్చుంది. మా ఆయన నరికిన చెట్లు కూడా గుబురుగా కొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. ఇక గొడ్డలి అన్న మాటే మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

రెండో మిరుగు పూత లేకుండానే పోయింది. మూడో ఎండకాలం వచ్చేసరికి మొక్కలు నా నడుము దాకా ఉన్నాయి. ఆకుల మొదళ్ళలో సన్నగా, ఆవగింజల్లాంటి పచ్చటి మొనలు. వాన చుక్క పడితే గానీ అవి విచ్చుకోవని అరకు అక్క చెప్పింది. ఏప్రిల్ పోయింది, వాన లేదు. మే సగం పోయింది, వాన లేదు. ఆకాశం వైపు చూసి చూసి నా మెడ పట్టేసింది. అత్తమ్మ మాత్రం ట్రాక్టరు మాట ఎత్తలేదు, వదిలేశాననీ అనలేదు. ఆ మనిషి మాట అంటే మాటే. మిరుగు ఇంకా ఇరవై రోజులుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

అప్పుడు పడింది! ఒక మధ్యాహ్నం శ్రీశైలం దిక్కు నుంచి నల్లగా లేచి, గాలిదుమారం లేపి, వడగళ్ళు కూడా వేసింది. నేను డబ్బా వదిలేసి రోడ్డు మీద నిలబడి తడిశాను. కార్లవాళ్ళు అద్దాలు దించి చూశారు. చూడనీ! తొమ్మిదో రోజు పొద్దున చెలక గట్టు ఎక్కకముందే వాసన వచ్చింది. మల్లె వాసనే, దానికన్నా కాస్త తియ్యన. ముప్పై మూడు మొక్కలూ, కొమ్మ కొమ్మకూ, మొదలు నుంచి చివర దాకా తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఆకు కనపడటం లేదు. తేనెటీగల రొద ఒక్కటే వినపడుతోంది. నేను ఎగిరాను, చప్పట్లు కొట్టాను, ఎవరూ లేరని గట్టిగా పేరు పెట్టి దేవుళ్ళందరినీ పిలిచాను. తర్వాత ఇంటికి పరుగెత్తి అత్తమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. దారి పొడవునా "మెల్లగ, మెల్లగ, నా మోకాళ్ళు" అంటూనే వచ్చింది. సాలు సాలూ తిరిగింది. ఒక పువ్వును కూడా ముట్టుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి ఆమే పట్టుకుంది.

మిరుగు ముందు రోజు సాయంత్రం ఎప్పటిలాగే అత్తమ్మ, మా ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోబోయాను.

"యాడికి వోతున్నవ్?" అంది అత్తమ్మ. "కూసో. కింది ఎకరంల ఏం పెడదాం?"

మా ఆయన పత్తి అనబోయాడు. "నిన్నడగలే" అంది.

నేను కూర్చున్నాను. "పత్తి వద్దత్తా. మొత్తం కంది పెడదాం. అది మోకాలెత్తు లేచినంక మధ్యల కాఫీ మొక్కలు పెడదాం" అన్నాను.

అత్తమ్మ చాయ్ పక్కన పెట్టి, లోపలికి పోయి విత్తనాల కుండ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.